బహిరంగ ప్రదేశాలలో పిల్లలకు కుక్క కాటు

కుక్క కాటు అనగా కుక్క పళ్ళ వలన శరీరానికి కలిగే గాయం. వీధి, పార్కు, పాఠశాల ఆవరణ, బస్టాపు వంటి బహిరంగ ప్రదేశాలలో పిల్లలు కుక్క కాటుకు గురైనప్పుడు రెండు రకాల అపాయాలు ఉంటాయి. మొదటిది గాయం, రక్తస్రావం. ఇది కంటికి కనిపిస్తుంది. రెండవది రేబిస్ వ్యాధి. ఇది కొన్ని వారాల లేదా నెలల తరువాత బయటపడుతుంది. లక్షణాలు కనిపించిన తరువాత రోగి బ్రతకడం దాదాపు అసాధ్యం. అయితే కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి, టీకాను, అవసరమైనప్పుడు సీరంను సక్రమంగా ఇస్తే ఈ వ్యాధిని దాదాపు పూర్తిగా నివారించవచ్చు.

ఇంట్లో పెంపుడు కుక్క కరిస్తే పెద్దలు పక్కనే ఉంటారు. వీధిలో పిల్లవాడిని కుక్క కరిచినప్పుడు తల్లిదండ్రులు అక్కడ ఉండకపోవచ్చు. కరిచిన కుక్క ఎవరిదో తెలియదు. కాబట్టి ప్రాణాన్ని కాపాడే మొదటి పదిహేను నిమిషాల పని ఆ సమయానికి అక్కడ ఉన్న దుకాణదారు, ఆటో డ్రైవరు, బాటసారి చేయవలసి వస్తుంది. అందువలన ఈ విషయం తల్లిదండ్రులకే కాక అందరికీ తెలిసి ఉండటం అవసరం.

పిల్లలకే ఎందుకు ఎక్కువ ప్రమాదం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం మంది 15 సంవత్సరాల లోపు పిల్లలు. దీనికి ముఖ్యమైన కారణాలు ఇవి:

* పిల్లల ఎత్తు తక్కువ. పెద్దవారికి కాలిపై పడే కాటు పిల్లలకు ముఖం, మెడ, తల, చేతులపై పడుతుంది. ఈ భాగాలలో నరాలు దట్టంగా ఉంటాయి, మెదడు దగ్గరగా ఉంటుంది. కాబట్టి వ్యాధి త్వరగా బయటపడే అవకాశం ఎక్కువ.
* కుక్క ఇచ్చే హెచ్చరికలను పిల్లలు గుర్తించలేరు. గుర్రుమనడం, పళ్ళు చూపడం, తోక, శరీరం బిగుసుకోవడం వంటివి వారికి అర్థం కావు.
* భయపడగానే పరుగెత్తుతారు. పరుగెత్తే దానిని వెంబడించడం కుక్క సహజ స్వభావం.
* తింటున్న కుక్క దగ్గరకు, పిల్లలను పెట్టిన తల్లి కుక్క దగ్గరకు ఆట కోసం వెళతారు.
* తిడతారనే భయంతోను, సూదులంటే భయంతోను చిన్న గాట్లను, గీతలను ఇంట్లో చెప్పకుండా దాచిపెడతారు.

చివరి కారణం అన్నింటికంటే ప్రమాదకరమైనది. పెద్ద గాయమైతే ఎవరైనా ఆసుపత్రికి తీసుకువెళతారు. రక్తం రాని చిన్న గీత మాత్రం ఎవరి దృష్టికీ రాదు. దాచిన విషయం కొన్ని రోజుల తరువాత తెలిసినా, గాయం మానిపోయినా, ఆలస్యమైందని ఊరుకోకుండా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. లక్షణాలు రానంతవరకు టీకాకు సమయం మించిపోయినట్లు కాదు.

అత్తాపూర్, శంషాబాద్ పరిసరాలు

అత్తాపూర్ హైదరాబాదు నగరంలో మూసీ నది దక్షిణపు ఒడ్డున, రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలో ఉన్న ప్రాంతం. మెహదీపట్నం నుండి అరాంఘర్ వరకు 2009లో ప్రారంభమైన పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఈ ప్రాంతం మీదుగా సాగుతుంది. 2008లో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన తరువాత ఈ మార్గం వెంట నివాసాలు, దుకాణాలు వేగంగా పెరిగాయి.

ఇలా పెరిగే శివారు ప్రాంతాలన్నింటిలో వీధికుక్కల సమస్యకు పరిస్థితులు ఒకే విధంగా ఉంటాయి. మాంసం దుకాణాల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ళ వద్ద పారేసే ఆహారం, టిఫిన్ బండ్ల దగ్గరి ఎంగిలి విస్తళ్ళు, నిండి పొర్లే చెత్తకుప్పలు కుక్కలకు ఆహారం అవుతాయి. ఖాళీ ప్లాట్లు, నిర్మాణంలో ఉన్న భవనాలు వాటికి నివాసం అవుతాయి. అదే నిర్మాణ స్థలాల పక్కన కూలీల కుటుంబాలు గుడిసెలలో ఉంటాయి. తలుపు లేని గుడిసెలో పడుకొనే పసిబిడ్డకు, రాత్రి గుంపుగా తిరిగే కుక్కలకు మధ్య అడ్డు ఏదీ ఉండదు.

హైదరాబాదు పరిసరాలలో జరిగిన కొన్ని దుర్ఘటనలు ఈ సమస్యను రాష్ట్రమంతటి దృష్టికి తెచ్చాయి.

* 2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో, తండ్రి కాపలాదారుగా పనిచేస్తున్న చోటికి వెళ్ళిన నాలుగేళ్ళ బాలుడు కుక్కల గుంపు దాడిలో మరణించాడు. సీసీ కెమెరాలో నమోదైన ఆ దృశ్యాలు దేశవ్యాప్తంగా చర్చకు దారితీశాయి. తెలంగాణ హైకోర్టు ఈ సంఘటనపై తనంతట తానుగా విచారణ చేపట్టింది.
* 2024 ఫిబ్రవరిలో శంషాబాద్‌లో ఒక కూలి కుటుంబానికి చెందిన ఏడాది వయసు బాలుడు రాత్రివేళ కుక్కల దాడిలో మరణించాడు.
* 2024 జులైలో జవహర్‌నగర్‌లో 18 నెలల బాలుడు ఇదే విధంగా ప్రాణాలు కోల్పోయాడు.

ఈ మూడు సంఘటనలలోను మరణానికి కారణం రేబిస్ కాదు, గాయాలే. మూడింటిలోను బాధితులు అయిదేళ్ళ లోపు పిల్లలే.

దాడి జరుగుతున్నప్పుడు

"మొరిగే కుక్క కరవదు" అనే సామెతను ఈ విషయంలో నమ్మరాదు. మొరిగే కుక్క కరవవచ్చు, మొరగకుండా వెనుక నుండి వచ్చి కూడా కరవవచ్చు.

కుక్క సమీపించినప్పుడు పిల్లలు చేయవలసినది ఇది. పరుగెత్తకుండా, అరవకుండా, చేతులు శరీరానికి ఆనించి కదలక నిలబడాలి. కుక్క కళ్ళలోకి సూటిగా చూడరాదు. అది శాంతించిన తరువాత మెల్లగా పక్కకు జరగాలి. కింద పడిపోతే ముడుచుకొని, ముఖం నేలవైపు ఉంచి, చేతులతో మెడను, చెవులను కప్పుకోవాలి. చేతిలో స్కూలు సంచి ఉంటే దానిని కుక్కకు, తనకు మధ్య అడ్డుగా పట్టుకోవాలి.

చుట్టుపక్కల ఉన్న పెద్దలు వెంటనే అక్కడికి వెళ్ళాలి. గుంపుగా దాడి చేసే కుక్కలు పెద్దవారు నలుగురు అరుస్తూ వస్తే సాధారణంగా వెనక్కు తగ్గుతాయి. కర్ర, కుర్చీ, గొడుగు వంటి వాటిని అడ్డు పెట్టవచ్చు. బకెట్‌తో నీళ్ళు చల్లవచ్చు. కుక్క పట్టు బిగించి ఉన్నప్పుడు పిల్లవాడిని బలంగా లాగరాదు. అలా లాగితే కండ చీలి గాయం పెద్దదవుతుంది. కుక్క వదలగానే పిల్లవాడిని ఎత్తుకొని సురక్షితమైన చోటికి చేర్చాలి.

ప్రథమ చికిత్స

రేబిస్ వైరస్ కుక్క లాలాజలంలో ఉంటుంది. కాటు పడగానే అది గాయంలో చేరుతుంది. నరాలలోకి ప్రవేశించక ముందే దానిని కడిగివేయడం చికిత్సలో మొదటి మెట్టు. సబ్బు ఈ వైరస్ పైపొరను దెబ్బతీస్తుంది. కనుక ఇది కేవలం శుభ్రత కోసం చేసే పని కాదు, చికిత్సలో భాగం.

# ధారగా పడే నీటి కింద గాయాన్ని ఉంచి సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగాలి. కుళాయి లేకపోతే సీసాతో, చెంబుతో పోయవచ్చు. బట్టల సబ్బు అయినా పనికివస్తుంది.
# గాయాలన్నింటినీ వెతకాలి. బట్టలు తొలగించి వీపు, తొడలు, జుట్టులోపలి తల కూడా చూడాలి.
# కడిగిన తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమిసంహారక మందు ఉంటే పూయాలి.
# రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకొని 108 అంబులెన్సును పిలవాలి. ఇటువంటప్పుడు రక్తాన్ని ఆపడమే ముందు పని.
# ముఖం, మెడ, తలపై గాయాలైతే, పిల్లవాడు నీరసించిపోతే ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి తరలించాలి.
# కరిచిన సమయం, స్థలం, కుక్క రంగు, మెడపట్టీ ఉన్నదీ లేనిదీ గుర్తుంచుకొని వైద్యునికి చెప్పాలి.

చేయకూడని పనులు

* గాయంపై కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, నూనె, ఆకుపసరు పెట్టరాదు. ఇవి గాయాన్ని రేపి వైరస్ లోపలికి చేరడానికి తోడ్పడవచ్చు.
* గాయాన్ని బిగించి కట్టరాదు. సాధ్యమైనంత వరకు వెంటనే కుట్లు వేయరు. తప్పనిసరిగా వేయవలసి వస్తే ముందు సీరం ఇచ్చి తరువాత వదులుగా వేస్తారు.
* మంత్రాలు, తాయెత్తులు, నాటుమందులతో కాలం గడపరాదు.
* పిల్లవాడిని తిట్టరాదు. తిట్టిన పిల్లవాడు మరొకసారి కరిచినప్పుడు చెప్పడు. అతనిని చూసిన ఇతర పిల్లలు కూడా చెప్పరు.

రేబిస్ వ్యాధి

కుక్క కాటు వలన కలిగే రేబిస్‌ను వాడుకలో పిచ్చికుక్క వ్యాధి అంటారు. రోగికి నీటిని చూసినా, మింగబోయినా గొంతు కండరాలు బిగుసుకొని భయం కలుగుతుంది. సుశ్రుత సంహితలో దీనిని జలత్రాసం అనే పేరుతో వర్ణించారు. కొందరికి గాలి తగిలినా ఇదే స్థితి కలుగుతుంది. మరికొందరిలో ఉద్రేకం లేకుండా పక్షవాతం లక్షణాలు మాత్రమే కనిపిస్తాయి.

కాటు పడిన నాటి నుండి లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 2 నుండి 3 నెలలు పడుతుంది. ఇది ఒక వారం నుండి ఒక సంవత్సరం వరకు మారవచ్చు. ఈ వ్యవధి ఉండటం వల్లనే కరిచిన తరువాత టీకా వేసినా పనిచేస్తుంది. వైరస్ నరాల వెంట మెదడును చేరేలోగా శరీరంలో రోగనిరోధక శక్తి సిద్ధమవుతుంది.

రేబిస్ వలన ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రజ్ఞులు జరిపిన సర్వే ఆధారంగా వెలువడిన అంచనా ప్రకారం దేశంలో ఏటా 90 లక్షలకు పైగా జంతు కాట్లు జరుగుతున్నాయి. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు కుక్కలవే. రేబిస్ మరణాలు ఏటా 5,700కు పైగా ఉండవచ్చని అదే అంచనా చెబుతుంది.

గాయాల వర్గీకరణ

చికిత్సను నిర్ణయించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గాయాలను మూడు తరగతులుగా విభజించింది.

* మొదటి తరగతి: కుక్కను తాకడం, ఆహారం పెట్టడం, గాయం లేని చర్మాన్ని కుక్క నాకడం. ఆ భాగాన్ని కడుక్కుంటే చాలు. టీకా అవసరం లేదు.
* రెండవ తరగతి: రక్తం రాని గీతలు, చర్మాన్ని పళ్ళతో నొక్కడం. వెంటనే కడిగి టీకా వేయించాలి.
* మూడవ తరగతి: చర్మం తెగి రక్తం వచ్చిన కాట్లు, గీతలు; పుండుపై నాకడం; కంటిలో, నోటిలో లాలాజలం పడటం. కడగడం, టీకాతో పాటు సీరం కూడా తప్పనిసరి.

టీకా, సీరం

టీకా, సీరం ఒకటి కాదు. టీకా శరీరం చేత ప్రతిరక్షకాలను తయారు చేయిస్తుంది. అందుకు సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. ఆ లోగా రక్షణ ఇవ్వడానికి తయారుగా ఉన్న ప్రతిరక్షకాలను గాయంలోనే, గాయం చుట్టూ ఎక్కిస్తారు. దీనినే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ లేదా వాడుకలో సీరం అంటారు. మూడవ తరగతి గాయానికి టీకా మాత్రమే వేయించుకొని ఇంటికి వెళ్ళడం అసంపూర్ణ చికిత్స. "సీరం అవసరమా, వేశారా?" అని తల్లిదండ్రులు తప్పక అడగాలి. మొదటిరోజు దొరకకపోతే మొదటి టీకా వేసిన నాటి నుండి 7 రోజుల లోపు ఇవ్వవచ్చు.

సీరం మోతాదు బరువును బట్టి ఉంటుంది. గుర్రాల నుండి తీసిన సీరం అయితే కిలోకు 40 యూనిట్లు, మానవ రక్తం నుండి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు. 15 కిలోల పిల్లవాడికి మొదటి రకం 600 యూనిట్లు, రెండవ రకం 300 యూనిట్లు అవసరమవుతాయి.

టీకా రెండు పద్ధతులలో ఇస్తారు.

* చర్మంలోకి: 0, 3, 7, 28 రోజులలో, ప్రతిసారి రెండు భుజాలకు 0.1 మిల్లీలీటరు చొప్పున. ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా ఈ పద్ధతిని పాటిస్తారు.
* కండరంలోకి: 0, 3, 7, 14, 28 రోజులలో. రెండేళ్ళ లోపు పిల్లలకు తొడ ముందుభాగంలో వేస్తారు. పిరుదులపై వేయరు.

ఇందులో 0 అనగా మొదటి టీకా వేసిన రోజు, కుక్క కరిచిన రోజు కాదు. ఉదాహరణకు జూన్ 1న మొదటి సూది వేస్తే చర్మంలోకి వేసే పద్ధతిలో తరువాతివి జూన్ 4, 8, 29 తేదీలలో పడతాయి. గాయం మానిందని మధ్యలో ఆపరాదు. ధనుర్వాతం టీకా అవసరాన్ని వైద్యుడు నిర్ణయిస్తాడు. మాంసం, పులుపు తినరాదనే పథ్యాలేవీ అవసరం లేదు. పూర్వం పూర్తి టీకా పొందిన వారిని మళ్ళీ కుక్క కరిస్తే 0, 3 రోజులలో రెండు మోతాదులు చాలు, సీరం అవసరం లేదు. అందుచేత టీకా చీటీని జాగ్రత్త చేయాలి.

హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ, నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి కుక్క కాటు చికిత్సకు పేరుపొందినవి. అత్తాపూర్ నుండి ఇవి నగరానికి మరొక వైపున ఉన్నాయి. కాబట్టి గాయం కడిగిన తరువాత దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మొదటి టీకా వేయించి, సీరం అక్కడ లేకపోతే ఎక్కడ ఉన్నదో అడిగి తెలుసుకొని వెళ్ళడం మంచిది.

కరిచిన కుక్కను గమనించడం

కుక్క ఆచూకీ తెలిస్తే దానిని 10 రోజులు గమనించాలి. కరిచే నాటికే లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క ఆ పది రోజులలో జబ్బుపడి మరణిస్తుంది. అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల విషయం వైద్యుడు నిర్ణయిస్తాడు. అయితే గమనించడం కోసం టీకాను వాయిదా వేయరాదు. రెండు పనులూ ఒకేసారి మొదలు కావాలి. "మా కుక్కకు సూదులు వేయించాము" అనే యజమాని మాటపై మాత్రమే ఆధారపడరాదు. కుక్కపిల్ల కరిచినా చికిత్స ఇదే.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నట్లు కోపంతో కరిచిన కుక్కను చంపడం చట్టవిరుద్ధం. పైగా దానివలన పిల్లవాడికి మేలు ఏమీ జరగదు. చచ్చిన కుక్కను పది రోజులు గమనించే అవకాశం ఉండదు.

చరిత్ర

కుక్క కాటుకు ఆధునిక చికిత్స ఒక పిల్లవాడితోనే మొదలైంది. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తాను తయారుచేసిన టీకాను పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్‌కు వేయించాడు. ఆ బాలుడు బ్రతికాడు. పాశ్చర్ మరణించిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు.

భారతదేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో కసౌలీలో ఏర్పడింది. దక్షిణ భారతదేశం కోసం 1907లో నీలగిరులలోని కూనూరులో మరొకటి స్థాపించారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడు కణజాలంతో చేసిన టీకా దాదాపు ఒక శతాబ్దం వాడుకలో ఉంది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని పెద్దలు చెప్పేది దీని గురించే. ఆ సూదుల బాధకు, దుష్ఫలితాలకు భయపడి చాలామంది చికిత్స మధ్యలో మానేసేవారు. భారతదేశంలో ఈ టీకా తయారీ 2004 చివరలో ఆగిపోయింది. 2006లో తక్కువ మందుతో చర్మంలోకి ఇచ్చే పద్ధతికి అనుమతి లభించింది. 1982లో హైదరాబాదులో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ కణవర్ధనంతో తయారయ్యే రేబిస్ టీకాను ఉత్పత్తి చేస్తున్నది. నేటి సూదులు భుజానికే వేస్తారు. పాత భయానికి ఇప్పుడు ఆధారం లేదు.

చట్టం, బాధ్యత

పెంపుడు కుక్క విషయంలో యజమాని నిర్లక్ష్యం వలన ఇతరులకు హాని జరిగే అవకాశం ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఈ చట్టం 2024 జులై 1న అమలులోకి వచ్చింది. పూర్వపు భారత శిక్షాస్మృతిలో ఇది 289వ సెక్షన్.

వీధికుక్కల విషయం స్థానిక సంస్థల బాధ్యత. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం కుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలి. కుక్కలు తమ ప్రాంతంలోకి కొత్త కుక్కలను రానివ్వవు. ఉన్నవాటిని తొలగిస్తే ఆహారం ఉన్న ఆ చోటికి టీకా లేని కొత్త కుక్కలు చేరతాయన్నది ఈ పద్ధతికి ఆధారం. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయితే టీకా రేబిస్‌ను ఆపుతుంది కాని కాటును ఆపదు. చెత్తను తొలగించకుండా శస్త్రచికిత్సలు మాత్రమే చేస్తే పిల్లలకు రక్షణ సగమే.

2025లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్వయంగా విచారణకు స్వీకరించింది. ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించగా, ఆగస్టు 22న విస్తృత ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, క్రూరంగా ప్రవర్తించేవి తప్ప మిగిలిన కుక్కలను శస్త్రచికిత్స, టీకా తరువాత తిరిగి వదలవచ్చని తెలిపింది. నవంబరు 7న ఇచ్చిన ఆదేశంలో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుండి కుక్కలను తొలగించాలని, వాటిని తిరిగి అదే చోట వదలరాదని పేర్కొంది.

నష్టపరిహారం విషయంలో 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక్కొక్క పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు చొప్పున ఇవ్వాలని తీర్పునిచ్చింది.

నివారణ

* పసిపిల్లలను వీధిలో ఒంటరిగా వదలరాదు. ఆరుబయట ఒంటరిగా పడుకోబెట్టరాదు.
* నిర్మాణ స్థలాలలో కూలీల పిల్లలకు తలుపు ఉన్న వసతి, కంచె ఏర్పాటు చేయాలి.
* మాంసం దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళు వ్యర్థాలను మూతగల డబ్బాలలో వేసి ఏ రోజుకారోజు తరలించాలి.
* కుక్కలకు ఆహారం పెట్టేవారు పాఠశాలలకు, పిల్లలు ఆడుకొనే చోట్లకు దూరంగా పెట్టాలి.
* పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించి, బయటకు తెచ్చినప్పుడు గొలుసుతో నడిపించాలి.
* తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలతో ఉన్న కుక్క దగ్గరకు వెళ్ళరాదని పాఠశాలలో నేర్పాలి.
* ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట నివసించే పిల్లలకు ముందుగానే టీకా వేయించే విషయం వైద్యునితో చర్చించవచ్చు.

అన్నింటికంటే ముందుగా పిల్లలకు ఒక మాట నేర్పాలి. కుక్క కరిచినా, గీరినా, పుండుపై నాకినా అదే రోజు ఇంట్లో చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ కోప్పడరు. పెద్దలు ఆ మాటను నిలబెట్టుకుంటేనే టీకా సకాలంలో అందుతుంది.

ఇవి కూడా చూడండి

* రేబిస్
* లూయీ పాశ్చర్
* ప్రథమ చికిత్స
* అత్తాపూర్
* శంషాబాద్